నలభై దాటని కారు

జనవరి 20, సోమవారం

"అట్ట మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉంటాయిరా యల్లమందా" అని కోటయ్య నాకు మాటిచ్చింది 1984 జూన్‌లో. బరంపేటలో ఒక అద్దె గది, ఫ్యాను లేని మధ్యాహ్నం. ఇద్దరం నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాళ్ళం. పిల్లల కోసం ఒక గైడు రాస్తున్నాం. అధ్యాయాలు సగం వాడివి, సగం నావి. లెక్కలన్నీ నావి. ఆగస్టులో పుస్తకం వచ్చింది. అట్ట మీద అణువు బొమ్మ, దాని చుట్టూ తిరుగుతున్న ఎలక్ట్రాన్లు, కింద 'పి. కోటయ్య, ఎమ్మెస్సీ'.

అడిగితే, "అచ్చేసేవాడు రెండు పేర్లకు చోటు లేదన్నాడురా" అన్నాడు.

ఏడు ఎలక్ట్రాన్లకు చోటుంది. లెక్కపెట్టాను.

ఇదంతా మళ్ళీ ఎందుకు రాస్తున్నానంటే ఇవాళ పోస్టులో కార్డు వచ్చింది. ఫిబ్రవరి 16 ఆదివారం ఉదయం పది గంటలకు మాచర్లలో కోటయ్యకు పూర్వ విద్యార్థుల సన్మానం. 'పల్నాడుకు ఫిజిక్స్ నేర్పిన గురువు' అట. పల్నాడుకు, మొత్తానికి. మరి నేను ముప్పై రెండేళ్ళు నేర్పింది ఏ దేశానికో. కార్డు మూలన వాడి కూతురు నీలిమ చేతిరాత: 'బాబాయ్, మీరు తప్పకుండా రావాలి.'

తప్పకుండా వస్తాను.

గైడు తీసి 27వ పేజీ చూశాను. లెక్క 14. పిల్లలకు భయం పోవాలని మొదటి అధ్యాయంలో పెట్టిన తేలిక లెక్క. 'ఒక కారు నరసరావుపేట నుంచి మాచర్లకు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళింది. దూరం 80 కిలోమీటర్లు. పట్టిన కాలమెంత?' వెనక జవాబుల్లో '3 గంటలు' అని పడింది. పంతొమ్మిది ముద్రణల్లోనూ మూడు గంటలే. రాసినవాడైతే ఒక్కసారైనా దిద్దుకునేవాడు. ఎనభైని నలభైతో భాగించలేనివాడు పల్నాడుకు ఫిజిక్స్ నేర్పాడు. ఈ పేజీ పట్టుకుని వేదిక ఎక్కుతాను, మైకులో చదువుతాను, దిగుతాను. అంతే. అరవడాలు ఉండవు.

నా కారులోనే వెళ్తాను.

జనవరి 21, మంగళవారం

సుభాషిణి వరండాలో కూర్చుని కనకాంబరాలు కడుతోంది. యాభై ఏళ్ళుగా అదే అరటినార, అదే ముడి. మూడు చుట్లు చుట్టి వెనక్కి ఒక మడత పెడుతుంది. అది తను తప్ప ఇంకెవరూ విప్పలేరు. దేవుడి పటం మీద వాడిన దండ తీయాలన్నా ఆమెనే పిలవాలి.

"ఏందండీ, ఆ కార్డు నిన్నటి నుంచి చదువుతానే ఉన్నారు? నాలుగు వాక్యాలే గదా."

"మాచర్ల వెళ్తున్నా."

"సన్మానానికా, తగాదాకా?"

"నిజం చెప్పడానికి."

"నీలిమ పెళ్ళిలో చెప్పారుగా. సరిపోలేదా?"

2003లో నీలిమ పెళ్ళి భోజనాల దగ్గర మగపెళ్ళివారికి పుస్తకం సంగతి వివరించిన మాట వాస్తవం. వాళ్ళు అడగలేదు, అదీ వాస్తవమే. కానీ ఎంత శ్రద్ధగా విన్నారో! సాంబారు వడ్డించేవాడు కూడా గరిటె పైకెత్తి నిలబడిపోయాడు. ఆ గరిటెలోది పెళ్ళికొడుకు మేనమామ పంచె మీద పడితే తప్పు నాదెలా అవుతుంది?

"ఈసారి అందరూ మీ శిష్యులే ఉంటారు" అంది. "వాళ్ళ ముందు నవ్వులపాలైతే మళ్ళీ ఈ బజారులో తలెత్తుకుని నడవలేరు మీరు. ఆ సంగతి నాకు తెలుసు, మీకు తెలవదు."

తను ఇంకేమీ అనలేదు. సుభాషిణి ఇంకేమీ అనకపోతే జాగ్రత్తగా ఉండాలి. కానీ ఇవాళ నాకు ఉపన్యాసం రాసుకునే పని ఉంది.

జనవరి 25, శనివారం

కారు రియాజ్ షెడ్డులో ఇచ్చాం, ఆయిలు మార్చడానికి. పదకొండేళ్ళ తెల్ల చిన్నకారు అది. రియాజ్ నా దగ్గర ఇంటర్ చదివాడు, అంటే నా క్లాసులో రెండేళ్ళు నిద్రపోయాడు. ఇప్పుడు నలభై అయిదేళ్ళ మనిషి, గడ్డం నెరిసింది.

సుభాషిణి తనూ వస్తానంది. ఆయిలు మార్పు మీద ఆమెకు ఈ ఆసక్తి ఎప్పుడు పుట్టిందో తెలియదు. రియాజ్ ఇంటికని ఒక డబ్బా అరిసెలు కూడా తెచ్చింది. నేను బయట టీ తాగి వచ్చేసరికి ఇద్దరూ కారు ముందు మూత ఎత్తి లోపలికి వంగి ఏదో మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి రియాజ్ లేచి నిలబడ్డాడు. క్లాసులో కూడా అంత చురుగ్గా ఎప్పుడూ లేవలేదు.

ఉపన్యాసం ఏడు పేజీలైంది.

జనవరి 28, మంగళవారం

మీటరు ముల్లు సున్నా దగ్గర పడుకుంది. కారు నడుస్తోంది, ముల్లు కదలదు. ఇంజను బొమ్మతో ఒక పసుపు దీపం వెలిగింది. స్టీరింగు తిప్పాలంటే రుబ్బురోలు తిప్పినట్టుంది.

"అయ్యో, ఇక దూరాలు వద్దులెండి" అంది సుభాషిణి. దీపం నేను చెప్పకముందే చూసింది. కళ్ళజోడు లేకుండా.

ఫిబ్రవరి 1, శనివారం

రియాజ్ షెడ్డుకు వెళ్ళాను. నా శిష్యుడి దగ్గర నేను పాఠం విన్న రోజు ఇది. వాడి గురించి కాస్త న్యాయంగా రాయాలి.

"స్పీడ్ సెన్సారు సార్" అన్నాడు, కారు తలుపు కూడా తెరవకుండానే.

"ఎలా చెప్పగలవు?"

"చూపు చాలు సార్." ఆకాశం వైపు చూస్తూ అన్నాడు.

"సరే, అది పనిచేసే తీరు చెప్పు."

"మీకు నేను చెప్పేదేంది సార్? హాల్ ఎఫెక్ట్ గదా. మీరు ఆ పాఠం చెప్పేటప్పుడు మేమంతా అది పరీక్ష హాలు ఎఫెక్ట్ అనుకున్నాం. హాలులోకి పోంగానే చదివిందంతా మర్చిపోతాం చూడండి, దానికి ఎవరో పెద్దాయన పేరు పెట్టాడు కామోసనుకున్నాం."

నవ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

తర్వాత వాడు చెప్పిన తీరు మాత్రం బాగుంది. గేరుపెట్టెలో పళ్ళచక్రం ఒకటి బండి చక్రాలతో పాటు తిరుగుతుంది. దాని ఎదురుగా బొటనవేలంత సెన్సారు, లోపల అయస్కాంతం. ఒక్కో పన్ను ఎదురుగా వచ్చి పోయినప్పుడల్లా సెన్సారులో వోల్టేజీ ఒకసారి లేచి పడుతుంది. మూడు తీగల్లో ఒకటి దానికి కరెంటు తెస్తుంది, ఒకటి ఎర్తు, మూడోది ఆ లేచిపడే కబురును ఇంజను కంప్యూటరుకు మోస్తుంది.

"హాజరు పిలిచినట్టు సార్" అన్నాడు. "ఒక్కో పన్ను ముందుకొచ్చి 'ప్రెజెంట్ సార్' అనిద్ది. సెకనుకి ఎన్ని ప్రెజెంట్లు పడినయ్యో కంప్యూటరు లెక్కబెట్టుకుంటది. ఎక్కువ పడితే బండి జోరు మీదుందని, తక్కువ పడితే నెమ్మదిగా పోతందని. ముల్లుకి ఆ లెక్కే, స్టీరింగుకి ఆ లెక్కే. కాలు తీస్తే పెట్రోలు ఎంత కట్ చెయ్యాలో అదీ ఆ లెక్కే."

"ఒక్క ప్రెజెంటు కూడా పడకపోతే?"

"బండి నిలబడి ఉందనుకుంటది. రోడ్డు మీద పోతన్నా సరే. ఇంజను చూస్తే గుక్క తిప్పుకోకుండా తిరుగుతంది, బండి చూస్తే కదల్లేదంటంది, ఏందీ గోల అని పసుపు దీపం వెలిగిచ్చుద్ది."

"మధ్యలో వేరేవాడు ప్రెజెంటు చెప్పడానికి వీల్లేదు గదా, నీకు మల్లే."

"అది తెలుసా సార్ మీకు!"

రెండేళ్ళపాటు తెలుసు. ఒకే గొంతు ముగ్గురి పేర్లకు పలికేది.

బాగుచేయమంటే కొత్త సెన్సారు గుంటూరు నుంచి రావాలన్నాడు. ఎప్పుడొస్తుంది అంటే, "పదిహేడున సార్" అన్నాడు వెంటనే. పదహారు సన్మానం. పదిహేడే ఎందుకో. పోనీ పాతదాన్ని ఒకసారి చూపించమన్నాను. "ఇప్పుడు తెరిస్తే దుమ్ము పడిద్ది సార్" అన్నాడు. గాలి వడపోసే పెట్టె కింద, అడుగున ఉంటుందట. నా నడుము అంత వంగదు.

ఇంటికొచ్చి సుభాషిణికి అంతా చెప్పాను, ఆమె నాకంటే శ్రద్ధగా విన్నది.

"అయితే లోపలి కంప్యూటరుకి తను కదులుతన్న సంగతే తెలవదన్న మాట."

"అవును."

"మీకు కూడా ఎనభై నాలుగు దగ్గర తీగ ఊడింది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 4, మంగళవారం

"బస్సులో పోవచ్చుగదయ్యా, గంటకొకటి ఉంది" అన్నాడు పక్కింటి సాల్మన్ రాజు.

బస్సుల్లో జనం ఎక్కువ.

ఫిబ్రవరి 6, గురువారం

మోటారు వాహనాల మీద పాత పుస్తకాలు రెండు లైబ్రరీలోనూ, మిగతాది ఫోనులోనూ చదివాను. సెన్సారు నుంచి కబురు రాకపోతే కంప్యూటరు జాగ్రత్తపడి ఇంజనును కట్టడి చేస్తుందని రాసి ఉంది. ఎర్ర పెన్నుతో గీత గీశాను. (వాక్యం మొదట్లో 'కొన్ని బళ్ళలో' అని ఉంది. పుస్తకాలవాళ్ళు అలా ఒక మాట వేస్తూనే ఉంటారు.)

సిద్ధాంతం ఉంటే సరిపోదు, ప్రయోగం కావాలి. సాయంత్రం కారు వినుకొండ రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. ముల్లు లేకపోతేనేం, కిలోమీటరు రాళ్ళున్నాయి, నా చేతికి గడియారముంది. రాయి నుంచి రాయికి తొంభై సెకన్లు. మళ్ళీ తొంభై. మళ్ళీ తొంభై రెండు, గేదె అడ్డమొచ్చింది. అంటే గంటకు నలభై. అంతకు మించి పోలేదు. ఇంజను గొంతు పెద్దదవుతుంది, బండి మాత్రం పోదు. కంప్యూటరు కట్టడి రుజువైంది.

నలభై అయితే నలభై. ఎనభై కిలోమీటర్లకు రెండు గంటలు. ఎనిమిదికి బయలుదేరితే పదికి వేదిక ముందు ఉంటాను. లెక్క నాదే, జవాబూ నాదే.

సుభాషిణికి చెబితే మొహం మాడింది. "ఆ దీపం ఎలుగుతన్నా పోతారా?"

"పోతా."

"చేతులు నొప్పులు పుడతయ్యి, ఆ స్టీరింగుతో."

"పుట్టనీ."

ఫిబ్రవరి 10, సోమవారం

ఉపన్యాసం పన్నెండు పేజీలు. తగ్గించాలి.

ఫిబ్రవరి 12, బుధవారం

పదమూడు.

ఫిబ్రవరి 15, శనివారం

సుభాషిణి కూడా వస్తానంటోంది. "ఎందుకే?" అంటే, "మీ చొక్కా పట్టుకు లాగడానికి ఒక మనిషి ఉండాలిగదా" అంది. ఈ రెండు రోజులుగా సరిగా తినడం లేదు. రియాజ్‌కు ఫోను చేసి వరండాలో గుసగుసగా మాట్లాడింది. నన్ను చూసి "అరిసెల పాకం గురించి" అంది. రియాజ్‌కు పాకం గురించి ఏం తెలుసు?

ఫిబ్రవరి 16, ఆదివారం

సాయంత్రం అయిదైంది. ఇంటికొచ్చాం. వరసగా రాస్తాను.

ఎనిమిదికి నాలుగు నిమిషాల ముందే బయలుదేరాం. వెనక సీటులో గైడు, పదమూడు పేజీలు, నీళ్ళ సీసా. రాళ్ళు చూస్తూ, గడియారం చూస్తూ నడిపాను. తొంభై సెకన్లు, తొంభై సెకన్లు. అంతా లెక్క ప్రకారమే ఉంది, పిడుగురాళ్ళ వచ్చేదాకా. అక్కడ సున్నం లారీలు బారులు తీరి ఉన్నాయి. ముందు ఒకటి, వెనక ఒకటి, మధ్యలో మిరపకాయల ట్రాక్టరు. గాలంతా తెల్లగా, ఘాటుగా ఉంది. అడుగు కదిలితే స్టీరింగు తిప్పాలి, తిప్పితే భుజం ఊడేలా ఉంది. ఒక మలుపు దగ్గర చక్రం సగం తిరిగి ఆగిపోయింది. నా చేతుల్లో బలం లేదు. వెనక లారీవాడు హారను కొడుతున్నాడు.

సుభాషిణి కొంగుతో నా నుదురు తుడిచింది. తుడుస్తూనే, "ఆపండి" అంది.

"ఎక్కడ ఆపమంటావే, రోడ్డు మధ్యనా?"

"ఆ టీకొట్టు పక్కకి తీసి ఆపండి. చెప్పాల్సింది ఉంది."

ఆపాను. అప్పుడు చెప్పింది. ఆయిలు మార్చిన రోజు సెన్సారు ప్లగ్గు పీకించింది తనేనని. దీపం వెలిగితే నేను భయపడి ప్రయాణం మానుకుంటానని అనుకుందట. రియాజ్ మొదట ఒప్పుకోలేదట. "అమ్మా, సార్‌కి తెలిస్తే నన్ను ఇప్పుడు కూడా ఫెయిల్ చేస్తాడు" అన్నాడట.

నేను ముందు మూత ఎత్తాను. నడుము వంగలేదు. సుభాషిణి చీర చెంగు దోపుకుని, గాలిపెట్టె పక్క నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, తీగ ఒకటి పైకి లాగింది. తీగ చివర ప్లగ్గు, ప్లగ్గుకు దుమ్ము పడకుండా పాలిథిన్ కవరు, కవరు మీద అరటినార. మూడు చుట్లు, వెనక్కి ఒక మడత.

మూడు వారాలు నేను పుస్తకాలు చదివాను, పటాలు గీశాను, ఎర్ర గీతలు పెట్టాను. కంప్యూటరుకు కబురు ఎందుకు అందడం లేదో నాలుగు కారణాలు రాసుకున్నాను. కనకాంబరాల ముడి వాటిలో లేదు.

"ఎందుకు చేశావే?"

"నలభై ఏళ్ళ నుంచి ఆ ఉపన్యాసం మీరు బాత్‌రూములో చెప్తంటే వింటన్నా. అక్కడ నేనొక్కదాన్నే నవ్వుతా. మైకులో చెప్తే రెండొందల మంది నవ్వుతారు. అది చూడలేనండీ."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"మీ చేతులు వణుకుతన్నయ్యి."

తలపిన్నుతో ముడి విప్పింది. ప్లగ్గు లోపలికి పెట్టి నొక్కింది. టిక్కుమంది. డిగ్రీలో తెలుగు చదివిన మనిషి. నేను టీకొట్టువాడి దగ్గర రెండు టీలు చెప్పాను.

మళ్ళీ బయలుదేరాం. స్టీరింగు పూలదండలా తిరిగింది. ముల్లు లేచింది. పది, ఇరవై, ముప్పై, నలభై. నలభై దగ్గర ఆగింది.

సుభాషిణి ముల్లు వైపు చూసింది. "ఇప్పుడు కట్టడి లేదుగదా?"

కాలు కాస్త నొక్కాను. యాభై. గురజాల వైపు నుంచి వస్తున్న లారీ మా పక్కగా హోరుమని పోయింది. చెట్లు మరీ తొందరగా వెనక్కి పోతున్నాయి. కాలు తీశాను. నలభై.

"కంప్యూటరు ఏమంటందండీ?"

"ఆలోచిస్తోంది."

కొంతసేపటికి, "నాలుగో గేరు ఒకటుంటదని రియాజ్ చెప్పాడు" అంది మెల్లగా. మూడో గేరు నమ్మకమైన గేరు.

రెంటచింతల దాటి మాచర్ల చేరి, కల్యాణమండపం ముందు ఆగేసరికి పదకొండు. మూడు గంటలు.

లోపలికి అడుగుపెట్టగానే చప్పట్లు. మొదటి వరసలో ఒక ఖాళీ కుర్చీ, దాని మీద కాగితం, కాగితం మీద నా పేరు. ఇదేదో నా నోరు మూయించే ఏర్పాటనుకున్నాను. కుర్చీ వైపు చూడకుండా నేరుగా వేదిక ఎక్కాను. కోటయ్య శాలువాలో కూర్చుని ఉన్నాడు. చెవిలో మిషను, చేతిలో కర్ర. చిక్కిపోయాడు. "ఒరేయ్ యల్లమందా, వచ్చావా" అన్నాడు. నేను మైకు అందుకున్నాను. సుభాషిణి మెట్ల దగ్గరే నిలబడి కళ్ళు మూసుకుంది.

గైడు పైకెత్తాను. "ఈ పుస్తకంలో సగం నేను రాశాను."

రెండు వందల మంది ఒక్క గొంతుతో, "తెలుసు సార్!"

నలభై దాటినవాళ్ళు, బట్టతలలు, కళ్ళజోళ్ళు, ఒక తహసీల్దారు, ఇద్దరు డాక్టర్లు. సరిగ్గా క్లాసులో అన్నట్టే అన్నారు.

"లెక్కలన్నీ నావి."

"తెలుసు సార్!"

గొంతు సవరించుకున్నాను. 27వ పేజీ తెరిచాను. "లెక్క పద్నాలుగు. దీనికి వెనక వేసిన జవాబు..."

"మూడు గంటలు సార్!"

నవ్వులు. కానీ సుభాషిణి భయపడిన నవ్వులు కావవి. కొందరు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. నా చేతిలో ఇంకా పన్నెండున్నర పేజీలున్నాయి. వాటిలో వీళ్ళకు తెలియనిది ఏదైనా ఉందేమోనని వెతికాను. అప్పుడు నీలిమ వచ్చి నా మోచెయ్యి పట్టుకుని చెవిలో చెప్పింది. "బాబాయ్, నాన్న పదిన్నరకే అంతా చెప్పేశాడు. మీ గురించే మాట్లాడాడు, పది నిమిషాలు."

పదిన్నరకు నేను గురజాల దాటి నలభైలో ఉన్నాను.

భోజనాల దగ్గర నన్ను కోటయ్య పక్కన కూర్చోబెట్టారు.

"ఆగొచ్చుగదరా" అన్నాను.

"ముఖ్య అతిథికి పదకొండింటికి ఇంకో పెళ్ళుందంట. పదిన్నరదాకా గుమ్మం వైపే చూశా."

"ఏం చెప్పావు?"

"ఒకసారి చెప్పిందే చానా కష్టమైందిరా. మళ్ళీ చెప్పలేను."

"ఏడు ఎలక్ట్రాన్లకు చోటుంది."

"ఎనిమిదిరా. ఒకటి వెనకట్ట మీదికి పోయింది." కాసేపు పప్పు కలిపాడు. "పుస్తకం ఆగిపోయింది. సిలబస్ మారింది. ఇంక అట్ట లేదు, వేద్దామన్నా."

వడ్డించేవాడు సాంబారు తెచ్చాడు. సుభాషిణి ఎదురు వరస నుంచి నా వైపు, గరిటె వైపు మార్చి మార్చి చూసింది. నేనేమీ అనలేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

రియాజ్ వచ్చాడు. "సార్, గుంటూరు నుంచి సెన్సారు రాలేదు" అన్నాడు తలొంచుకుని.

"వచ్చింది. అరటినార కట్టుకుని వచ్చింది."

వాకిట్లోనే నిలబడిపోయాడు. కాసేపు అలాగే నిలబెట్టి లోపలికి రమ్మన్నాను. ప్లగ్గు పెట్టినా పసుపు దీపం ఆరలేదేమని అడిగాను.

"కంప్యూటరు తప్పుని గుర్తుపెట్టుకుంటది సార్. బాగుచేసినంత మాత్రాన నమ్మదు. రెండు మూడుసార్లు బండి తీసి, ప్రెజెంట్లు సరిగా పడతన్నయ్యని చూసుకుని అప్పుడు ఆర్పిద్ది. కావాలంటే నా మిషను పెట్టి ఇప్పుడే చెరిపేస్తా."

వద్దన్నాను. దాని ఇష్టానికి దాన్ని వదిలెయ్యమన్నాను.

వెళ్ళబోతూ, "సార్, ఒక మాట. ప్లగ్గు తీసినా మన కారు ఎనభై పోయిద్ది. దీపం ఎలుగుద్ది, స్టీరింగు బరువెక్కుద్ది, అంతే. నలభైకి కట్టడి చేసేది వేరే రకం బళ్ళలో" అన్నాడు.

"కొన్ని బళ్ళలో" అన్నాను.

"అవున్సార్. కొన్ని బళ్ళలో."

వీడిని ఆనాడు ఫెయిల్ చేయాల్సింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

నీలిమ ఫోనులో వీడియో పంపింది. కోటయ్య మాట్లాడింది. చూడలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

చూడలేదు. కారు తీసి వినుకొండ రోడ్డు మీద కాస్త తిరిగొచ్చాను. దీపం ఉంది.

ఫిబ్రవరి 20, గురువారం

చూడలేదు. బొమ్మ చిన్నది, నా కళ్ళకు ఆనదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

సుభాషిణి కూరగాయలకు వెళ్ళినప్పుడు చూశాను.

తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. మొదట్లో మైకు కీచుమంటుంది. తర్వాత కోటయ్య కర్ర పక్కన పెట్టి నిలబడతాడు. గైడులో సగం యల్లమంద రాశాడని, లెక్కలన్నీ వాడివేనని చెబుతాడు. చోటు లేదన్నది అబద్ధమంటాడు. అచ్చేసేవాడు అసలు అడగనే లేదట. "వాడు రాసిన సగం నా సగం కంటే బాగుంది. రెండు పేర్లూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో పిల్లలకు తెలిసిపోయిద్దని భయపడ్డా" అన్నాడు. తర్వాత లెక్క 14 చదివాడు. "దీనికి జవాబు రెండు గంటలు. మూడని పడింది. మొదటి ముద్రణలోనే చూశా. దిద్దుదామంటే వాడి లెక్క మీద చెయ్యెయ్యడానికి నాకు మొహం చెల్లలా" అన్నాడు. చివర మొదటి వరసలో ఖాళీ కుర్చీ వైపు చాలాసేపు చూశాడు. వీడియో తీసినవాడు కూడా కుర్చీని చూపించాడు. కాగితం మీద నా పేరు బాగానే కనబడుతోంది. ఇంటిపేరు అక్షరం కూడా సరిగ్గా వేశారు.

సుభాషిణి ఎప్పుడొచ్చిందో, సంచీ గుమ్మంలోనే పెట్టి నిలబడి ఉంది.

"ఎన్నోసారి?" అంది.

"మొదటిసారి."

"నేనొచ్చాకే నాలుగైందండీ."

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇవాళ కారు తీస్తే పసుపు దీపం లేదు. ఎప్పుడు ఆరిందో గమనించలేదు. దానికి మూడు ప్రయాణాలు సరిపోయాయి.

సుభాషిణి పక్కన కూర్చుంది. రావిపాడు దాకా వెళ్ళొచ్చాం. దారిలో ఒకచోట తన చెయ్యి గేరు మీద పెట్టి, "ఇటు లాగాలంటగా" అంది. నాలుగో గేరు వేశాను. యాభై అయిదు. ఏమీ కాలేదు.

తిరిగొచ్చాక కూర్చుని, తప్పు ఎవరిదో నిష్పక్షపాతంగా తేల్చుకున్నాను. సెన్సారుది కాదు, దాన్ని మాట్లాడనిస్తే నిజమే చెప్పింది. కంప్యూటరుదీ కాదు, తనకు అందిన కబురును బట్టి నడుచుకుంది. రియాజ్ అరిసెలు తిన్నాడు, చెప్పిన పని చేశాడు. సుభాషిణి తను వేసిన ముడి తనే విప్పింది, అది అందరూ చేయగలిగిన పని కాదు. నా సంగతి అంటే, నేను గంటకు నలభైలో వెళ్ళాను, లెక్కలో ఉన్నట్టే.

జవాబు మూడు గంటలని పంతొమ్మిది ముద్రణలు అచ్చేయించిన మనిషికి తెలుసు, నాకు ఎంతసేపు పడుతుందో. అంతా తెలిసి, పదిన్నరదాకా గుమ్మం వైపు చూసి, ఇంకొక్క అరగంట ఆగలేకపోయాడు. ఆ మాటలు నేను ఫోనులో వినాల్సి వచ్చింది, మైకు కీచుమంటుండగా.

ఈ పేజీలో చోటు చాలా ఉంది. అయినా ఒక్క పేరే రాస్తున్నాను.

పి. కోటయ్య, ఎమ్మెస్సీ.